ముసలి పిల్లి ఇంట్లో ఉన్నవాళ్లతో కొన్ని మాటలు

(హైదరాబాద్‌లో పిల్లులు పెంచుకునే కుటుంబాల సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే, మీ ఇళ్లలో పిల్లులకు వయసు మీద పడుతోందనీ, మీకు మనసులో ఏదో టెన్షన్ ఉందనీ నాకు అర్థమవుతోంది. నేను కూడా ఆ టెన్షన్ పడ్డదాన్నే. అందుకే ముందు మా ఇంటి పిల్లి సంగతి చెప్తాను.

మా అమ్మ తెనాలిలో ఉండేది. ఆవిడ దగ్గర గౌరి అని ఒక పిల్లి. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు, సగం తెగిన తోక. పద్నాలుగేళ్లు నిండాయి. ఒక వేసవిలో నేను వెళ్లినప్పుడు చూశాను, అది బాత్రూం బకెట్ అంచు మీద ముందుకాళ్లు రెండూ ఆనించి నీళ్లు తాగుతోంది. తాగుతోంది, తాగుతూనే ఉంది. ఆ ఇంట్లో పద్నాలుగేళ్లుగా అది అలా నీళ్లు తాగడం నేనెప్పుడూ చూడలేదు. "ఏంటమ్మా, ఇన్ని నీళ్లు తాగుతోంది?" అన్నాను. "ఎండలు మండిపోవట్లేదా, దానికి మాత్రం దాహం వెయ్యదా?" అంది అమ్మ. ఎత్తుకుంటే వెన్నుపూస చేతికి గుచ్చుకుంది. "చిక్కిపోయింది" అన్నాను. "వయసైపోయిందే, ముసలిదైపోయింది" అంది. నేను సరేనని దాన్ని కింద దించేశాను.

అప్పటికి నేను పశువైద్యం చేయబట్టి పాతికేళ్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గేదెలు, ఆవులు, గొర్రెలు చూశాను. పాడిగేదె ఒక పూట రెండు లీటర్లు తక్కువ ఇచ్చిందంటే ఎందుకిచ్చిందో తేల్చకుండా వదిలేదాన్ని కాదు. మా ఇంటి పిల్లి విషయంలో మాత్రం "ముసలిదైపోయింది" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను. తొమ్మిది నెలల తర్వాత అమ్మ ఫోన్ చేసి, "గౌరి గోడకు గుద్దుకుంటోందే" అంది. వెళ్లి చూస్తే మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఎండలో కూర్చుని ఉంది. అంత వెలుతురులో పిల్లి కంటిపాప సన్నటి గీతలా ముడుచుకోవాలి. దానికి రెండు కళ్లూ నల్లగా, గుండ్రంగా, పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. బీపీ చూస్తే 220 దాటింది. కిడ్నీలు వడగట్టి బయటకు పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో 4.1 ఉంది. కిడ్నీలు దెబ్బతిని, బీపీ పెరిగి, ఆ ఒత్తిడికి కంటి వెనక రెటీనా పొర ఊడిపోయింది. కొద్ది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మందు పడితే కొన్ని పిల్లులకు చూపు కొంతవరకు తిరిగొస్తుంది. గౌరికి రాలేదు.

ఆ బకెట్ దగ్గర నేను చూసింది జబ్బు. నేను దాన్ని వయసు అనుకున్నాను. ఈ రోజు నేను మీకు చెప్పబోయేదంతా ఆ తేడా గురించే.

ముందు వయసు లెక్క చూద్దాం. పిల్లికి ఒక ఏడాది నిండితే మన లెక్కలో దాదాపు 15 ఏళ్లు, రెండేళ్లకు 24. అక్కణ్నుంచి ఏడాదికి నాలుగేళ్ల చొప్పున కలుపుకోండి. పదేళ్ల పిల్లికి 56, పదిహేనేళ్ల పిల్లికి 76. ఏడేళ్లు దాటినప్పటి నుంచి నడివయసు, పదేళ్లు దాటితే పెద్దతనం అని వైద్యులు లెక్కేస్తారు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో క్రీమ్ పఫ్ అనే పిల్లి 1967లో పుట్టి 2005 దాకా, 38 ఏళ్లు బతికింది. అన్ని పిల్లులూ అలా బతకవు. కానీ ఇల్లు దాటకుండా పెరిగే పిల్లి పదిహేను, పద్దెనిమిదేళ్లు బతకడం ఇప్పుడు మామూలే. అంటే దాని జీవితంలో మూడో వంతు పెద్దతనమే.

ఇక్కడ ఒక చిక్కుంది. కుక్కకు నొప్పి వస్తే కుయ్యిమంటుంది, కుంటుతుంది, మన ఒళ్లో తల పెడుతుంది. పిల్లి అలా కాదు. అడవిలో అది ఎలకను వేటాడే జంతువే, కానీ తనకంటే పెద్ద జంతువులకు ఆహారం కూడా. ఒంట్లో బాగోలేదని బయటపడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే దాచుకుంటుంది. మంచం కిందకు దూరుతుంది, బీరువా వెనక పడుకుంటుంది, ఒళ్లు నాక్కోవడం తగ్గిస్తుంది, పిలిస్తే ఆలస్యంగా వస్తుంది. మనం "ఈమధ్య బుద్ధిమంతురాలైంది, అల్లరి తగ్గించింది" అని మురిసిపోతాం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. ఈ మాట వింటే నాకు భయం వేస్తుంది.

అది దాచుకునేదాన్ని మనం పట్టుకోవాలంటే అన్నిటికన్నా పనికొచ్చేది తూకం. మీ ఇంట్లో పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, ప్రతినెలా ఒకటో తారీకున అందులో పిల్లి బరువు కూడా రాయండి. మనం దాన్ని ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కి, తర్వాత మన బరువు తీసేస్తే వంద, రెండొందల గ్రాములు తేడా వస్తుంది. మనకు కావలసింది సరిగ్గా ఆ తేడాయే కాబట్టి ఆ పద్ధతి పనికిరాదు. పసిపిల్లల్ని తూచే కాటా కొనుక్కోండి. వంటింటి కాటా ఐదు కిలోల దాకా తూచేదైతే, దాని మీద ప్లాస్టిక్ బుట్ట పెట్టి, సున్నా చేసి, పిల్లిని కూర్చోబెట్టినా సరిపోతుంది. నాలుగు కిలోల పిల్లి రెండొందల గ్రాములు తగ్గిందంటే మీకు చిన్న విషయంలా కనిపిస్తుంది. అది దాని ఒంట్లో ఇరవయ్యో వంతు. అరవై కిలోల మనిషి ఏ డైటింగూ చేయకుండా మూడు కిలోలు తగ్గితే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? రోజూ చూసే కళ్లకు ఆ తగ్గుదల కనిపించదు. పైగా బొచ్చు కప్పేస్తుంది.

ఇక కిడ్నీల సంగతి. దీని గురించి ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే ముసలి పిల్లుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే.

పిల్లి పూర్వీకులు ఎడారి జంతువులు. తిన్న ఎలకలో ఉన్న నీటితోనే సరిపెట్టుకుని, మూత్రాన్ని బాగా చిక్కగా చేసి, నీటిబొట్టు వృథా కాకుండా చూసుకునే కిడ్నీలు వాటివి. మన పిల్లులకూ అవే వచ్చాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్న పిల్లి నీళ్లు తాగడం అరుదుగా చూస్తాం. వయసుతో కిడ్నీలోని వడపోత గొట్టాలు ఒక్కొక్కటీ చచ్చిపోతుంటాయి. మిగిలినవి వాటి పని కూడా నెత్తినేసుకుంటాయి. మూడింట రెండొంతులు పోయేసరికి మూత్రాన్ని చిక్కగా చేసే శక్తి పోతుంది. నీళ్లు వచ్చినవి వచ్చినట్టే బయటకు పోతాయి, పోయినవాటిని పూడ్చుకోవడానికి పిల్లి తాగుతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి నాలుగింట మూడొంతులు పోయి ఉంటాయి. అంటే రక్తపరీక్ష కన్నా ముందు మీ ఇంట్లో నీళ్ల గిన్నె చెప్తుంది. పిల్లి మూత్రం పోసే ఇసుక పళ్లెం, అదే లిట్టర్ ట్రే, చెప్తుంది. ఇసుకలో మూత్రం గడ్డలు ఇన్నాళ్లూ నిమ్మకాయంత ఉండి, ఇప్పుడు బత్తాయంత వస్తుంటే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. నాలుగు కిలోల పిల్లి రోజుకు రెండొందల మిల్లీలీటర్ల పైన తాగుతుంటే కూడా అంతే. పొద్దున గిన్నెలో కొలిచి పోయండి, మర్నాడు మిగిలినవి కొలవండి. ఖర్చు లేని పరీక్ష అది.

ఆసుపత్రిలో రక్తంతోపాటు మూత్రం పరీక్ష కూడా చేయించమని అడగండి. చాలాచోట్ల రక్తం ఒక్కటే చూసి పంపిస్తున్నారు. మూత్రం చిక్కదనం చూడడానికి రెండు చుక్కలు చాలు. ఆరోగ్యమైన పిల్లికి అది 1.035 పైన ఉండాలి. కిడ్నీ జబ్బు ఉందని తేలిన పిల్లికి క్రియాటినిన్ 1.6 లోపు ఉంటే మొదటి దశ, 2.8 దాకా రెండోది, 5 దాకా మూడోది, ఆ పైన నాలుగోది. ఈ దశలు ఒక్క రోజు రిపోర్టు చూసి చెప్పేవి కావు. పిల్లికి ఒంట్లో నీరు సరిగ్గా ఉన్నప్పుడు, కనీసం రెండుసార్లు చూసి చెప్పాలి. రెండో దశలో పట్టుకుంటే ఏళ్ల తరబడి బతికే పిల్లులున్నాయి. చచ్చిన గొట్టాలను తిరిగి బతికించే మందు లేదు. మిగిలినవాటి మీద బరువు తగ్గించగలం. ఫాస్ఫరస్ తక్కువగా ఉండే కిడ్నీ ఆహారం అందుకే ఇస్తాం. దాన్ని ఒక్క రోజులో మార్చకండి. పాత తిండిలో చెంచా కొత్తది కలుపుతూ, మూడు నాలుగు వారాలు తీసుకోండి. పిల్లి మొండికేస్తే దానికిష్టమైనదే పెట్టండి. తినని మంచి తిండి కన్నా తినే మామూలు తిండి నయం.

మనవాళ్లకు "లంఖణం పరమౌషధం" అన్న మాట మీద చాలా నమ్మకం. పిల్లికి అది విషం. పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని తట్టుకోలేదు. చెవుల లోపల, చిగుళ్ల మీద పసుపు కనిపిస్తుంది. అసలు జబ్బు ఏదైనా, ఈ కాలేయం జబ్బుతోనే ప్రాణం పోవచ్చు. "రెండు రోజులు కడుపు ఖాళీగా ఉంచితే అదే సర్దుకుంటుంది" అని ఎవరు చెప్పినా వినకండి. ఒక రోజంతా తినకపోతే ఫోన్ చేయండి, రెండో రోజు దాకా ఆగకండి.

ఇంకో విషయం. కిడ్నీ పిల్లి గిన్నె దగ్గరికి ఆకలితో వస్తుంది, వాసన చూస్తుంది, పెదాలు నాక్కుంటుంది, వెనక్కి వెళ్లిపోతుంది. "దీనికి ఈ తిండి మొహం మొత్తింది" అనుకుని మనం బ్రాండ్లు మారుస్తాం. దానికి మొహం మొత్తలేదు, కడుపులో తిప్పుతోంది. వేవిళ్లతో ఉన్నవాళ్లకు పోపు వాసన తగిలితే ఎలా ఉంటుందో అలా. ఆ వికారం తగ్గే మందులున్నాయి. మందు వేసిన గంటకే గిన్నె దగ్గర కూర్చుని తిన్న పిల్లుల్ని ఎన్నిటినో చూశాను.

ఒంట్లో నీరు తగ్గిన కిడ్నీ పిల్లికి ఎక్కించే సెలైన్ గురించి మీరు భయపడతారు. గౌరికి మా అమ్మే ఎక్కించేది. డెబ్బై ఒకటేళ్ల మనిషి, నేను రెండుసార్లు చూపిస్తే నేర్చుకుంది. సీసాను గోరువెచ్చని నీళ్ల బిందెలో కాసేపు ఉంచేది. కిటికీ ఊచకు తగిలించేది. గౌరిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెడ వెనక తోలును గుడారంలా పైకెత్తి, ఆ గుడారంలోకి సూది దించేది. నరంలోకి కాదు, తోలు కింద. ఐదు నిమిషాల్లో భుజం మీద చిన్న దిండులా ఉబ్బేది, సాయంత్రానికి ఇంకిపోయేది. ఆ ఐదు నిమిషాలూ దానికి మెత్తగా ఉడికించిన చికెన్ ముక్క తినిపించేది. ఎంత ఎక్కించాలి, ఎన్ని రోజులకొకసారి అన్నది మీ డాక్టరే చెప్పాలి. గుండెజబ్బు ఉన్న పిల్లికి ఇదే సెలైన్ ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణం తీయగలదు కాబట్టి సొంత నిర్ణయం వద్దు.

నీళ్ల గిన్నెలు వెడల్పుగా ఉండాలి, మీసాలు అంచుకు తగలకూడదు. తిండి గిన్నెకు దూరంగా, ఇంట్లో మూడు నాలుగు చోట్ల పెట్టండి. డ్రై ఫుడ్ తగ్గించి, వెట్ ఫుడ్ గానీ ఇంట్లో ఉడికించిన మాంసం గానీ పెంచితే తెలియకుండానే నీరు లోపలికి పోతుంది. మన ఎండాకాలంలో ఇది ఇంకా ముఖ్యం.

తిండి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఇది మన ఇళ్లకు సంబంధించిన సంగతి. మన దగ్గర ఎన్నో ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలన్నం పెడతారు. "మా నాయనమ్మగారి పిల్లి పెరుగన్నం తినే పదమూడేళ్లు బతికిందండీ" అంటారు. నిజమే. ఆ పిల్లి ఇంట్లో పెరుగన్నం తిని, గడ్డివాము దగ్గర ఎలకల్ని తినేది, గోడమీద బల్లుల్ని తినేది, చెరువుగట్టున చేప తలకాయలు తినేది. దాని అసలు భోజనం బయట జరిగేది. అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో ఉన్న మీ పిల్లికి ఆ ఎలకలు లేవు. పిల్లి మాంసం లేకుండా బతకలేని జంతువు. టౌరిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి. అది లేకపోతే గుండె కండరం పలచబడుతుంది, చూపు పోతుంది. టౌరిన్ లోటుకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధం 1987లో బయటపడ్డాకే పిల్లి ఆహారం తయారుచేసే కంపెనీలు దాన్ని సరిపడా కలపడం మొదలుపెట్టాయి. మీరు శాకాహారులైతే, మీ వంటింట్లో మాంసం వండనక్కర్లేదు. పిల్లి కోసం తయారైన ఆహారం కొని పెట్టండి. మీ నియమం మీది, దాని ఒళ్లు దానిది.

మాంసం పెట్టేవాళ్లు కూర ముక్కలు పెట్టకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తంలో ఎర్రకణాలను పగలగొడతాయి. ఎండుచేపలు, మెత్తళ్లు చూస్తే పిల్లి ప్రాణం పెడుతుంది గానీ వాటి నిండా ఉప్పే. బీపీ, కిడ్నీ ఉన్న పిల్లికి వద్దు. ముసలిదైంది కదా అని ముందుజాగ్రత్తగా మాంసం తగ్గించేవాళ్లూ ఉన్నారు. పన్నెండేళ్లు దాటాక కొన్ని పిల్లులకు తిన్నది పూర్తిగా ఒంటబట్టదు. కండ కరిగిపోయే వయసులో మాంసకృత్తులు తగ్గించడం తప్పు. డాక్టర్ కిడ్నీ ఆహారం చెప్తే తప్ప తగ్గించకండి.

చక్కగా తింటూ, ఇంకా కావాలని అరుస్తూ, అయినా చిక్కిపోయే పిల్లి ఒకటుంటుంది. పదమూడేళ్ల వయసులో కుర్రదానిలా ఇల్లంతా పరుగులు పెడుతుంది. రాత్రి అరుస్తుంది, అప్పుడప్పుడు వాంతి చేసుకుంటుంది. ఇంట్లోవాళ్లకు సంతోషం, "ఈ వయసులో ఎంత హుషారో చూడండి" అని. చెయ్యి గుండె మీద పెడితే నిమిషానికి రెండొందల నలభై కొట్టుకుంటుంటుంది. ఇది థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం. పిల్లుల్లో ఈ జబ్బును మొదట 1979లో న్యూయార్క్ డాక్టర్లు వివరించారు. టీ4 అనే రక్తపరీక్షతో తేలుతుంది. మనుషులకు వాడే కార్బిమజోల్, మెథిమజోల్ మందులే పిల్లికీ పనిచేస్తాయి, మోతాదు మాత్రం వేరు. అయితే థైరాయిడ్ ఎక్కువైనప్పుడు గుండె రక్తాన్ని జోరుగా తోస్తుంది కాబట్టి కిడ్నీలు బాగున్నట్టు కనిపిస్తాయి. మందు పడి థైరాయిడ్ అదుపులోకి వచ్చాక అడుగునున్న కిడ్నీ జబ్బు పైకి తేలుతుంది. "మందు వాడితే కిడ్నీలు చెడిపోయాయండీ" అని కోపంగా వచ్చేవాళ్లుంటారు. మందు చెడగొట్టలేదు, దాగి ఉన్నదాన్ని చూపించింది. అందుకే మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే మళ్లీ రక్తం చూస్తాం.

షుగర్ సంగతి త్వరగా చెప్తాను. లావుగా ఉన్న మగ పిల్లుల్లో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినవాటిలో ఎక్కువ. నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఆకలి ఎక్కువ, బరువు తగ్గుతుంది. వెనక్కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తుంటే జబ్బు నరాలకు చేరిందన్నమాట. ఇన్సులిన్ ఇవ్వాలి, రోజుకు రెండుసార్లు. ఇందులో ఒక మంచి విషయముంది. త్వరగా పట్టుకుని, పిండిపదార్థాలు బాగా తగ్గించి ఇన్సులిన్ ఇస్తే, కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది.

ఇప్పుడు కీళ్ల గురించి. అమెరికాలో పన్నెండేళ్లు దాటిన వంద పిల్లులకు ఎక్స్‌రేలు చూసి 2002లో ఒక అధ్యయనం అచ్చువేశారు. తొంభై పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. వాటిలో చాలావాటి యజమానులకు ఆ సంగతే తెలియదు, ఎందుకంటే పిల్లి కుంటదు, దూకడం మానేస్తుంది. ఫ్రిజ్ మీదికెక్కే పిల్లి సోఫా దాకా వచ్చి ఆగిపోతుంది. దూకే ముందు రెండు క్షణాలు లెక్కేసుకుంటుంది. లిట్టర్ ట్రే అంచు దాటలేక పక్కనే పోస్తుంది, మనం తిడతాం. నడుము వంచలేక వీపు మీద నాక్కోదు, అక్కడ బొచ్చు జడలు కడుతుంది.

గోళ్లు చూడండి. దయచేసి ఇవాళ ఇంటికెళ్లగానే చూడండి. పోయిన నెల పదహారేళ్ల పిల్లిని తీసుకొచ్చారు, "ముందుకాలు కింద పెట్టట్లేదు" అని. పాదం తిప్పి చూస్తే ఒక గోరు కొడవలిలా వంపు తిరిగి, పాదం కింది మెత్తలోకి దిగబడిపోయి ఉంది. చుట్టూ చీము. గోళ్లు గీరుకునే ఓపిక లేక అవి మందంగా పెరిగిపోయాయి. ఆ ఇంట్లోవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకుంటారు. దాన్ని తెచ్చిన ఇంటావిడ అక్కడే కూర్చుని ఏడ్చేసింది. గోరు కత్తిరించి, లాగి, కడిగి, కట్టు కట్టాం. పది రోజుల్లో నడిచింది. నెలకోసారి గోళ్లు చూస్తే ఇది జరగదు.

ఇంట్లో మార్పులు పెద్దవేం కావు. మంచం పక్కన ఒక పీట, కిటికీ దగ్గర ఒక మోడా వేయండి. లిట్టర్ ట్రేకు ఒక వైపు అంచు కోసి తలుపులా చేయండి. నునుపు టైల్స్ మీద దారి పొడుగునా పాత గోనెపట్టా గానీ చాపగానీ పరచండి. నొప్పికి మందులున్నాయి, కానీ ఇక్కడ నేను గొంతు పెంచి చెప్పాలి.

మీ ఇంట్లో ఉన్న పారాసిటమాల్ పిల్లికి వేయకండి. సగం కాదు, పావు కూడా వద్దు. దాన్ని విరిచి బయటకు పంపే పద్ధతి పిల్లి కాలేయంలో సరిగ్గా లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లిని చంపగలదు. రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, చిగుళ్లు గోధుమ రంగులోకి మారతాయి, మొహం ఉబ్బుతుంది, ఊపిరి అందదు. పొరపాటున వేసి ఉంటే భయపడి దాచకండి, ఎన్ని గంటలకు వేశారో చెప్పి పరుగెత్తుకుని రండి. విరుగుడు ఉంది, ఎంత త్వరగా ఇస్తే అంత పనిచేస్తుంది. ఇదే కారణంతో ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద తడి ఆరకముందు పిల్లిని నడవనివ్వకండి. అది పాదాలు నాక్కుంటుంది. కుక్కల గోమార్లకు వాడే పర్మెత్రిన్ మందు కూడా పిల్లికి విషమే.

నోరు కూడా చూడాలి. ఒకవైపే నములుతున్నా, నోట్లోంచి ముద్ద జారుతున్నా, చొంగ కారుతున్నా పళ్ల నొప్పి. "ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా?" అని అడుగుతారు. వయసు ఒక్కటే చూసి వద్దనకూడదు. రక్తం, గుండె, బీపీ చూసుకుని ఇస్తాం. కుళ్లిన పన్నుతో ఏడాదిపాటు బాధపడడం కన్నా అది మేలు. ఆపరేషన్ చేయించని ఆడపిల్లికి పొట్ట మీద పొదుగు వరసలో బఠాణీ గింజంత గడ్డ తగిలినా ఆగకండి. పిల్లుల్లో అవి ఎక్కువ భాగం క్యాన్సర్ గడ్డలే. నిద్రపోతున్నప్పుడు ఊపిరితో పొట్ట ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టండి, నిమిషానికి ముప్పై దాటుతుంటే గుండె చూపించాలి. నోరు తెరిచి రొప్పుతున్నా, హఠాత్తుగా వెనక్కాళ్లు చల్లబడి పడిపోయి అరుస్తున్నా అర్ధరాత్రైనా సరే బయల్దేరండి.

రాత్రి అరుపుల గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. ముసలి పిల్లి నడిరాత్రి హాల్లో నిలబడి గొంతు చించుకుని అరుస్తుంది. మన దగ్గర పిల్లి ఏడుపు అపశకునం అంటారు. పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చి "మీ పిల్లి ఏడుస్తోంది, ఇంటికి అరిష్టం" అంటారు. అత్తగారు భయపడతారు. ఒక ఆదివారం పొద్దున ఎవరో దాన్ని బుట్టలో పెట్టి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వస్తారు. అక్కడైతే తిండి దొరుకుతుందిలే అని. ఆ పిల్లికి చూపు సరిగ్గా లేదు, చెవులు వినపడవు, కీళ్లు అరిగాయి. అక్కడి కుక్కల ముందు అది రెండు రోజులు బతకదు. అలా వదిలేసిన పిల్లుల్ని నేను చూశాను, అందుకే చెప్తున్నాను. ఆ ఏడుపుకు కారణముంటుంది. బీపీ పెరిగి ఉండొచ్చు, థైరాయిడ్ కావచ్చు, నొప్పి కావచ్చు. తన గొంతు తనకే వినపడక గట్టిగా అరుస్తుండొచ్చు. ఇవన్నీ చూసి కాదని తేలాకే మెదడుకు వయసు వచ్చిందనుకోవాలి. అప్పుడు కూడా మూలనున్న గదికి దారి తప్పిపోయి, ఎక్కడున్నానో తెలియక పిలుస్తోంది, అంతే. హాల్లో బెడ్‌లైటు వేసి ఉంచండి. సామాను జరపకండి. పడుకునే ముందు కొంచెం తిండి పెట్టండి. లేచి వెళ్లి ఒకసారి వీపు నిమరండి.

పదేళ్లు దాటిన పిల్లిని ఆరు నెలలకోసారి డాక్టర్‌కు చూపించాలి. పిల్లికి ఆరు నెలలంటే మన లెక్కలో రెండేళ్లు. తీసుకొచ్చే బుట్టను ఆ రోజే అటక మీంచి దించితే అది పారిపోతుంది. ఎప్పుడూ హాల్లోనే తెరిచి, లోపల మీ పాత చీర వేసి ఉంచండి. మీ డాక్టర్ బీపీ చూడకపోతే అడగండి. కంగారులో బీపీ, షుగర్ రెండూ పెరిగి కనిపిస్తాయి కాబట్టి పిల్లిని కాసేపు కుదుటపడనిచ్చి చూడమనండి. మీ ఊళ్లో పిల్లుల డాక్టర్ లేకపోతే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి. ఇక్కడ రాజేంద్రనగర్‌లో, అటు గన్నవరంలో, తిరుపతిలో.

గౌరికి రోజూ బీపీ మాత్రలో పావు ముక్క, వారానికి మూడు రోజులు సెలైన్. చూపు లేకుండానే పదిహేడు నెలలు బతికింది. అమ్మ ఆ పదిహేడు నెలలూ ఇంట్లో ఒక్క స్టూలు కూడా జరపలేదు. వంటింటి గడప నుంచి తులసికోట దాకా గౌరి మీసాలతో గోడను తడుముకుంటూ వెళ్లేది, కోట చుట్టూ తిరిగి నీడ ఉన్న వైపు పడుకునేది. అమ్మ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన, తిన్న రోజున చుక్క, తినని రోజున అడ్డగీత పెట్టేది. ఆఖరి నెలలో అడ్డగీతలు చుక్కలను దాటాయి. ఆ పేజీ అమ్మే నాకు చూపించి, "ఇంక చాలే అమ్మా, దాన్ని కష్టపెట్టొద్దు" అంది. నేను ఇంటికెళ్లి, దాన్ని అమ్మ ఒళ్లోనే పడుకోబెట్టి ముందు మత్తు ఇచ్చాను, నిద్రపోయాక రెండో ఇంజెక్షన్ ఇచ్చాను. ఆ నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలని మీరు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసిన దారి ఆ క్యాలెండరే. చుక్కలు పెట్టడం మాత్రం పిల్లి బాగున్నప్పుడే మొదలుపెట్టండి.

తలుపు పక్కన బల్ల మీద కాటా, బుట్ట పెట్టాను. నలుగురైదుగురు పిల్లుల్ని తెచ్చినట్టున్నారు, ఒక్కొక్కరే రండి, తూచి కాగితం మీద తారీకు వేసి రాసిస్తాను. మిగతావాళ్లు ఈలోగా ప్రశ్నలు అడగండి.